పద్దెనిమిది మిల్లీమీటర్ల స్ఫటికం

మహర్నవమి, బుధవారం, మధ్యాహ్నం మూడుంబావుకు అది మొదలైంది. మా ఫిజిక్స్ డిపార్ట్‌మెంటు కారిడార్ చివర యూపీఎస్ గది ఉంది. ఆ సమయానికి ఎలక్ట్రికల్ సెక్షన్ వాళ్లు ఇద్దరు దాని తలుపు తెరిచి, ఆయుధపూజకు బ్యాటరీలు తుడవడానికి లోపలికి వెళ్లారు. తుడిచేముందు లైనుని బైపాస్‌లో పెట్టారు. అంటే బ్యాటరీలను పక్కనపెట్టి బయటి కరెంటు నేరుగా ల్యాబుల్లోకి వచ్చేలా మీట తిప్పారు. షాక్ కొట్టకుండా అలా చేయడం సరైన పద్ధతే. పని అయ్యాక మీట మళ్లీ వెనక్కి తిప్పాలి. అది తిప్పలేదు. లైట్లు వెలుగుతున్నాయి, ఏసీలు నడుస్తున్నాయి, కరెంటు పోలేదు. అందువల్ల మర్నాడు పదకొండింటి దాకా ఆ సంగతి ఎవరికీ తెలియలేదు.

నేను ఆ యూనివర్సిటీలో ముప్పయ్యొక్క సంవత్సరాలు ప్రాక్టికల్స్ చెప్పాను. రిటైరై తొమ్మిదేళ్లు. అయినా వారంలో మూడు రోజులు లింగంపల్లిలో బస్సెక్కి వెళ్లేదాన్ని. స్ఫటికాలు పెంచే తొట్లు నడపడం తెలిసినవాళ్లు అక్కడ ఇంకెవరూ మిగల్లేదు. ఒక కుర్చీ, ఒక బీరువా ఇచ్చారు. బీరువా తలుపు సరిగా పడేది కాదు.

స్ఫటికం పెంచడంలో చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు. ఒక గాజు తొట్టి నిండా నీళ్లు, ఆ నీళ్లను కాచే హీటరు, కలుపుతూ ఉండే చిన్న మోటారు. ఆ నీళ్ల మధ్యలో ఒక సీసా. సీసాలో వేడి నీళ్లలో కరిగినంత ఉప్పు, వంటది కాదు రసాయన లవణం, కరిగించి పోసిన ద్రవం. ఆ ద్రవంలోకి నైలాను దారంతో మెంతిగింజంత విత్తనాన్ని వేలాడదీస్తారు. అదీ ఆ ఉప్పు తునకే. ఆపైన రోజుకు డిగ్రీలో పదోవంతు చొప్పున వేడి తగ్గిస్తూ పోవాలి. వేడి తగ్గినకొద్దీ నీళ్లు అంత ఉప్పును మోయలేవు. మోయలేనిది విత్తనం మీద పేరుకుంటుంది. తొందరపడి ఎక్కువ తగ్గిస్తే ఉప్పు విత్తనం దాకా వెళ్లకుండా ఎక్కడపడితే అక్కడ నూకలుగా రాలుతుంది. నూకలు రాలడం మొదలైతే పెద్దది పెరగడం ఆగిపోతుంది. ఈ పనిలో తెలుసుకోవలసింది ఇంతే. మిగతాదంతా కనిపెట్టుకుని ఉండడమే.

ఆ ఏడు ఆ తొట్టిలో ఉన్నది ఒక అమ్మాయి థీసిస్. నారాయణపేట వైపు అమ్మాయి. తండ్రి తెల్లాపూర్‌లో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ల సముదాయానికి వాచ్‌మన్. అక్కడే వాళ్లకిచ్చిన రెండు గదుల్లో ఉండి పరిశోధనకు వచ్చేది. నాలుగు అధ్యాయాలు రాసేసింది. అయిదోది రాయాలంటే స్ఫటికంలోంచి ఏటవాలుగా ఒక పలక కోసి, దానిలోంచి లేజర్ పంపి కొలవాలి. ఆ పరికరం ఊళ్లోనే ఇంకో సంస్థలో ఉంది. నవంబరులో రెండు రోజులు ఇస్తామన్నారు. స్ఫటికం ఇరవై మిల్లీమీటర్లు ఉండాలని, ఎంత సర్దుకున్నా పద్దెనిమిదికి తగ్గితే పలక రాదని ముందే చెప్పారు. డిసెంబరు ఆఖరుకి ఆమె రిజిస్ట్రేషన్ గడువు ముగుస్తుంది. ఒకసారి పొడిగించారు, రెండోసారి పొడిగించరు.

అంతకుముందు రెండుసార్లు పెంచింది. మొదటిసారి ద్రవానికి బూజు పట్టింది. రెండోసారి బ్లాస్టింగ్ వల్ల పోయింది. మా ప్రహరీ అవతల నలభై అంతస్తుల బిల్డింగుకి గొయ్యి తవ్వుతున్నారు. మధ్యాహ్నం ఒంటిగంటకు ఒకసారి, సాయంత్రం అయిదింటికి ఒకసారి సైరన్ మోగించి బండలు పేల్చేవారు. ఒకరోజు ఆ అదురుకి నూకలన్నీ రాలాయి. మూడోసారి మేము ముందే జాగ్రత్తపడ్డాం. నేల మీద సైకిలు ట్యూబులు పరిచి, వాటి మీద ఇసుక తొట్టి, ఇసుక మీద గ్రానైటు పలక, దాని మీద గాజు తొట్టి పెట్టాం.

ఆ ఇసుక మోసింది మా ల్యాబ్ అటెండరు. నానక్‌రామ్‌గూడలో పుట్టి పెరిగిన మనిషి, యాభై దాటాయి.

"ఈ బండల మీద మా తాత మేకల మేపిండు మేడం," అన్నాడు ఇసుక చదును చేస్తూ. "అప్పుడు సప్పుడు లేకుంట పడి ఉంటుండె. గిప్పుడు రోజుకు రెండుసార్లు లేస్తున్నయి. అయినా టైమంటె టైమే. మన డిపార్ట్‌మెంటు మీటింగుల కన్న నయం."

మూడో విత్తనం వేసింది ఆగస్టు ఇరవై. నవమి నాటికి నలభై రెండు రోజులు. ట్రావెలింగ్ మైక్రోస్కోపుతో గాజు బయటినుంచి చూస్తే పదిహేడున్నర, పద్దెనిమిది మధ్య ఉన్నట్టు కనిపించింది. రెండు గాజుల వెనక, నీళ్ల వెనక ఉన్నదాన్ని అంతకంటే కచ్చితంగా చెప్పలేం. ఇరవై కావడానికి ఇంకో పది రోజులు పడుతుంది. ఆ నెలాఖరుకి మా పాత బ్లాకు మొత్తం ఖాళీ చేయాలని ఉత్తర్వు వచ్చింది, స్టార్టప్ కంపెనీలకు ఇస్తారట. అంటే నాలుగో విత్తనం వేసే వ్యవధి లేదు. ఈ లెక్క నేనూ ఆ అమ్మాయీ విడివిడిగా వేసుకున్నాం. ఒకరితో ఒకరం అనుకోలేదు.

ఆయుధపూజ మా ల్యాబుల్లో ప్రతి ఏడూ చేస్తారు. ఒక్క రీడింగు తీసి నమ్మని డిపార్ట్‌మెంటు అది. ఏది కొలిచినా మూడుసార్లు కొలిచి సగటు తీయాలనేది నేను చేరకముందు నుంచీ ఉన్న నియమం, మొదటి ఏడాది పిల్లల చేత మొదటి క్లాసులో రాయిస్తాం. అలాంటి చోట ఏడాదికొకసారి స్పెక్ట్రోమీటర్లకు, స్క్రూగేజీలకు గంధం, కుంకుమ పెట్టి ఆ రోజుకి పని మాన్పిస్తాం. ఇందులో ఎవరికీ ఇబ్బంది కనిపించదు, నాకూ కనిపించలేదు. ఆ రోజున ఆగకుండా నడిచేది తొట్టి ఒక్కటే.

"దీనికి గూడ బొట్టు పెట్టాల్నా మేడం?" అన్నాడు అటెండరు. "పెట్టకుంటె అలుగుతదేమో."

"బయటి అద్దానికి పెట్టండి. మూత ముట్టుకోవద్దు."

"మూత నేనెందుకు ముట్టుకుంట? పోయినేడు మూత మీద పువ్వు పెట్టినందుకు మీరు నాతోని వారం రోజులు మాట్లాడలె."

"మూడు రోజులు," అన్నాను.

"సారీ మేడం. మూడు రోజులు. నాకు వారం లెక్క అనిపించింది."

అమ్మాయి నవ్వాపుకుంటూ తొట్టి వెనక్కి వెళ్లింది.

ఎలక్ట్రికల్ వాళ్లు యూపీఎస్ గదిలో కొబ్బరికాయ కొట్టి మాకూ బెల్లం, పేలాలు తెచ్చిచ్చారు. వాళ్లలో పెద్దవాడు హడావుడిగా ఉన్నాడు. ఇంకా నాలుగు బిల్డింగులు మిగిలాయని, సాయంత్రం ఊరికి బస్సు ఉందని చెప్పి, గదికి తాళం వేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు దసరా. సెలవు. లోపలికి రావడానికి సెక్యూరిటీ వాళ్లకు ముందే అనుమతి కాగితం ఇచ్చి ఉంచాం, ఆ రోజు తగ్గించాల్సిన పదోవంతు డిగ్రీ తగ్గించాలి కదా. అమ్మాయి కొత్త బట్టలు కట్టుకుని వచ్చింది. తాళాలు తన దగ్గరే ఉండడం వల్ల అటెండరు వచ్చాడు.

"తొందరగ తగ్గియ్యి బిడ్డా," అన్నాడు ఆమెతో. "ఇంటికాడ పొయ్యి మీద మటన్ ఉన్నది. మీ వదిన నన్ను తగ్గిస్తది."

"ఒక్క పది నిమిషాలు అన్నా. రీడింగు రాసుకొని పోదాం."

పదకొండు గంటల పది నిమిషాలకు మోటారు ఆగింది. ఆ చప్పుడు నలభై మూడు రోజులుగా ఎప్పుడూ ఉండేది కాబట్టి మేము దాన్ని వినడం మానేశాం. ఆగినప్పుడు ముగ్గురం ఒకేసారి తలెత్తాం. అమ్మాయి గోడ మీది యూపీఎస్ దీపం వైపు చూసింది. అది ఆరిపోయి ఉంది.

"యూపీఎస్ అందుకోలె మేడం."

తొట్టిలో అప్పుడు నలభై మూడు పాయింటు ఆరు డిగ్రీలు. నేను ఎలక్ట్రికల్ ఆయనకి ఫోన్ చేశాను. రెండోసారి ఎత్తాడు. వెనక బస్టాండు గోల వినిపిస్తోంది.

"బైపాస్ తీసిన అనుకుంటున్న మేడం," అన్నాడు. "తియ్యలేదేమో. నిన్న పొద్దున్నుంచి పూజలే. తీసినట్టు గుర్తు లేదు నాకు."

"తాళంచెవి?"

"నా జేబులనే ఉంది మేడం. నేను మహబూబ్‌నగర్‌ల ఉన్న."

తాళం పగలగొడతానన్నాడు అటెండరు. పగలగొట్టినా లోపల ఏ మీట ముందు, ఏ మీట తర్వాత తిప్పాలో మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు. హెడ్డుగారికి ఫోన్ చేస్తే, బయట ఎక్కడో కేబుల్ తెగిందట, అరగంటలో వస్తుందన్నారు, తాళాల జోలికి పోవద్దండి అన్నారు. కేబుల్ ఎలా తెగిందో తర్వాత ఇద్దరు రెండు రకాలుగా చెప్పారు.

హీటరు లేకపోతే ఆ తొట్టి పావుగంటకు సుమారు ఒక డిగ్రీ చల్లారుతుంది. అంటే పది రోజుల్లో తగ్గించాల్సింది పావుగంటలో తగ్గుతుంది. రెండు డిగ్రీలు దిగితే నూకలు రాలతాయని మాకు తెలుసు. ల్యాబ్ కోట్లు, కిటికీ పరదా, అమ్మాయి చున్నీ, నా శాలువా అన్నీ తొట్టి చుట్టూ చుట్టాం. హీటరు చేసే పని వేడినీళ్లతో చేతులతో చేయాలి. అంత వేడినీళ్లు ఎక్కడ? పాంట్రీలో ఉన్నది కరెంటు పొయ్యి. క్యాంటీన్ మూసి ఉంది. వెనక గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు టీ కాచుకునే చిన్న గ్యాసు పొయ్యి ఉందని అటెండరుకి గుర్తొచ్చింది. రెండు స్టీలు క్యాన్లు పట్టుకుని స్కూటీ మీద వెళ్లాడు.

అమ్మాయి థర్మామీటరు దగ్గర నిలబడింది. నేను మోటారుకి బదులు చెక్క స్కేలుతో తొట్టి నీళ్లు మెల్లగా కలుపుతున్నాను.

"నలభై మూడు పాయింట్ ఒకటి."

కొంతసేపటికి, "నలభై రెండు పాయింట్ ఎనిమిది."

"చెప్తూ ఉండు," అన్నాను.

"మేడం, కలుపుడు నేను చేస్తనా? మీ చెయ్యి గుంజుతుంటది."

"నువ్వు రీడింగు చూడు. నా కళ్లజోడుతో ఆ గీతలు కనపడవు."

అటెండరు తిరిగొచ్చేసరికి నలభై రెండు పాయింటు అయిదు. రెండు క్యాన్లూ మూల నుంచి సన్నగా పోశాం. ఒక్కసారిగా పోస్తే సీసా పగులుతుంది. పాయింటు తొమ్మిదికి పెరిగింది, ఆపైన నలభై మూడు పాయింటు రెండు. ఆమె ఆ అంకె చెప్పినప్పుడు గొంతులో కొంచెం ప్రాణం వచ్చింది.

"ఇగో, హీటర్ అన్నయ్య వచ్చిండు," అన్నాడు అటెండరు తనను తానే చూపించుకుంటూ. "నన్ను గూడ రేపు పూజల కూసోబెట్టుర్రి." మళ్లీ క్యాన్లు తీసుకుని వెళ్లాడు.

రెండోసారి చాలాసేపు రాలేదు. సెక్యూరిటీ వాళ్ల సిలిండరు సగంలో అయిపోయింది. అతను ఇంకో గేటు దాకా వెళ్లాడు, అక్కడ పొయ్యి లేదు. చివరికి ఇంటికి వెళ్లి మటన్ దింపించి అదే పొయ్యి మీద నీళ్లు పెట్టించాడు. ఇదంతా ఆ తర్వాత చెప్పాడు. మా దగ్గర అంకెలు దిగుతూ పోయాయి. నలభై రెండు దాటాక అమ్మాయి పైకి చెప్పడం మానేసింది. పన్నెండూ ఇరవై అయిదుకి, నలభై ఒకటి పాయింటు అయిదు దగ్గర, సీసా అడుగున ఏదో మెరిసింది. చూస్తుండగానే ఇంకొకటి. ఆ తర్వాత పైనుంచి కిందదాకా సన్నటి నూకలు మెల్లగా దిగడం మొదలుపెట్టాయి.

"అయిపోయింది మేడం," అంది.

"ఇంకా కాలేదు. పైకి తీసేద్దాం."

నూకలు పెద్దదానికి అతుక్కుంటే దాని ముఖాలు పాడవుతాయి. అంతలోపల తీయాలి. ఇరవై రాలేదు, అది నిజం. పద్దెనిమిది వచ్చి ఉంటే చాలు. ఆమె చేతులు తుడుచుకుని, దారం కట్టిన రాడ్‌ని పట్టుకుని, ఎక్కడా తగలకుండా నిటారుగా పైకి లాగింది. అంత నిలకడగా నా చేతులతో నేనూ తీయలేకపోయేదాన్ని. ముందే తొట్టి పక్కన వేడిగా ఉంచిన దూదిలో చుట్టి, మూత ఉన్న పెట్టెలో పెట్టింది. వేడి ద్రవంలోంచి తీసిన స్ఫటికం అలా దూదిలో సాయంత్రం దాకా ఉండాలి. మెల్లగా చల్లారాలి, లేకపోతే పగులుతుంది.

అటెండరు రెండో విడత నీళ్లతో వచ్చాడు. పెట్టె చూశాడు, తొట్టి చూశాడు, క్యాన్లు కింద పెట్టాడు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు.

ఒంటిగంటకు పది నిమిషాలుండగా అమ్మాయి లేచి పెట్టె మూత తీసింది.

"ఒక్కసారి కొలుస్త మేడం. పద్దెనిమిది ఉందా లేదా తెల్వకుంట సాయంత్రం దాకా కూసోలేను."

నేను వద్దనలేదు. నాకూ తెలుసుకోవాలనే ఉంది. దూది పక్కకు తీసింది. కిటికీ వెలుతురులో అది నీళ్ల కంటే తేటగా ఉంది. ఒక మూల మాత్రం చిన్న తెల్లటి పొర. బల్ల మీది వెర్నియర్ కాలిపర్స్ తీసి, దాని ఉక్కు దవడల మధ్య మెల్లగా పట్టుకుంది.

"పద్దెనిమిది పాయింట్ సున్నా నాలుగు."

అటెండరు కుర్చీలో ముందుకు జరిగాడు. "అంటె పాసేనా?"

"ఆగండి అన్నా." ఇంకోవైపు తిప్పి పట్టుకుంది. "పద్దెనిమిది పాయింట్ సున్నా రెండు."

రెండు రీడింగులతో ఆపాలనే ఆలోచన ఆమెకి రాలేదు, నాకూ రాలేదు. మూడోదానికి వెర్నియర్ దగ్గరకు తెస్తుండగా కరెంటు వచ్చింది. మోటారు తిరిగింది, లైట్లు వెలిగాయి, నెత్తిమీద ఏసీ చల్లగాలి వదిలింది. చల్లటి ఉక్కు దవడలు స్ఫటికానికి తగిలాయి. చిన్న టక్కుమనే చప్పుడు. గోరు విరిగితే అంతే చప్పుడవుతుంది. ఆమె అరచేతిలో అది ముందు రెండు ముక్కలుగా, మేము చూస్తుండగానే మూడు ముక్కలుగా విడిపోయింది.

ఆమె వెర్నియర్ మూసి బల్ల మీద దాని చోటులో పెట్టింది. మూడు ముక్కలనూ దూదిలో పెట్టింది. ఏడవలేదు. "ఏసీ బంద్ చెయ్యనా మేడం?" అని అడిగింది. చెయ్యమన్నాను.

అటెండరు మమ్మల్నిద్దరినీ ఇంటికి తీసుకెళ్లాడు. వాళ్లావిడ అన్నం పెట్టింది. మటన్ మధ్యలో దింపి మళ్లీ ఎక్కించడం వల్ల ముక్క సరిగ్గా ఉడకలేదని ఆమె భర్తను తిడుతూనే ఉంది. అతను మాటకు మాట చెబుతూనే ఉన్నాడు. అమ్మాయి తల వంచుకుని తింది. తిన్నంతసేపూ స్ఫటికం విరిగిన ఎడమచేయి మూసి ఒళ్లో పెట్టుకుంది, తెరవలేదు.

పెద్ద ముక్క పదకొండు మిల్లీమీటర్లు. లేజర్ ఉన్న సంస్థకు ఫోటో పంపితే మర్యాదగా కుదరదని రాశారు. హెడ్డుగారు గడువు పొడిగించమని అర్జీ పెట్టారు, నేను సంతకం చేశాను. నియమాల ప్రకారం వీలుపడదని జనవరిలో జవాబొచ్చింది. ఎలక్ట్రికల్ ఆయన ఒకసారి నా దగ్గరకొచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. తిట్టడానికి నాకు ఓపిక లేదు. నవంబరు మొదటి వారంలో గది ఖాళీ అయింది. తొట్టిని స్టోర్‌రూంలోకి మోసేటప్పుడు గ్రానైటు పలకను ఎవరూ ముట్టుకోలేదు. బరువని అక్కడే వదిలేశారు.

అమ్మాయి చందానగర్‌లో ఒక ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతోంది. పొద్దున ఏడున్నర నుంచి సాయంత్రం ఆరు దాకా. ఫిబ్రవరిలో ఒక ఆదివారం లింగంపల్లి స్టేషన్‌లో కనిపించింది. చేతిలో దిద్దాల్సిన పేపర్ల కట్ట ఉంది.

"మళ్లీ రిజిస్టర్ అవుతావా?" అన్నాను.

"చూస్త మేడం. వచ్చే ఏడు చూస్త." ఆపైన, "మీరు పోతున్నరా ల్యాబ్‌కు?" అంది.

"లేదమ్మా. తొట్టి లేదు కదా."

"ఔ," అంది. ఆమె రైలు వచ్చింది.

పోయినవి ఇవి. స్ఫటికం ఒకటి, పద్దెనిమిది పాయింటు సున్నా మూడు మిల్లీమీటర్లు, రెండు రీడింగుల సగటు. నలభై మూడు రోజులు. దానికి ముందు పోయిన రెండు విత్తనాలతో కలిపితే నూట ముప్పయ్యొక్క రోజులు. థీసిస్‌లో అయిదో అధ్యాయం. దాంతోపాటు మిగతా నాలుగు. అమ్మాయివి ఆరేళ్లు. పని చేస్తున్న తొట్టి ఒకటి, దాన్ని నడిపే గది ఒకటి. నా వారానికి మూడు రోజులు.